నాలుగో ఆకుపచ్చ చుక్క

ఆఫీసులో ఆమెకు చుక్కలమ్మ అని పేరు. ఎదురుపడితే అక్కా అనేవారు, తలుపు దాటగానే చుక్కలమ్మ అనేవారు. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉండేది, ఎందుకంటే ఆ పేరు పెట్టింది అక్కడే పనిచేసే సొంత అన్నే.

పాత కట్టడాలకు మరమ్మతులు చేసే కంపెనీ అది. ఎప్పుడు చూసినా ఇరవైకి పైగా పనులు నడుస్తూ ఉంటాయి. ఒకచోట గోడ, ఒకచోట పైకప్పు, ఇంకోచోట మెట్లు. ఏ పని ఎంతవరకు వచ్చిందో ప్రతి శుక్రవారం ఒకే ఒక్క కాగితం మీదికి తేవడం ఆమె ఉద్యోగం. ఆమె రాకముందు ప్రతి సైటు నుంచీ పద్నాలుగు పేజీల నివేదిక వచ్చేదట. ఎవరూ చదివేవారు కాదట. పెద్దసారు వాటిమీద కాఫీ కప్పు పెట్టుకునేవాడని, అట్ట మీద గుండ్రటి మరకను బట్టి ఏ నివేదిక పాతదో కనిపెట్టవచ్చని అన్న చెప్పి నవ్వేవాడు.

ఆమె వచ్చాక పద్ధతి మారింది. ఒక పనికి ఒక వరుస. వరుసలో ఐదు గడులు: పని ఏది, ఎవరి చేతిలో ఉంది, ఈ వారం ఏం జరిగింది, తరువాత ఏం చేయాలి, చివర ఒక రంగు చుక్క. ఆకుపచ్చ అయితే సాఫీ. పసుపు అయితే ఓ కన్నేసి ఉంచాలి. ఎరుపు అయితే పని ఆపాలి. సైటులో పని చూసేవాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేసి నాలుగు ముక్కలు చెబుతారు. ఆమె రాసుకుని, చుక్కల కాగితం నుంచి ఒక్కొక్క చుక్కా గోటితో ఊడదీసి అంటిస్తుంది. ఒక పనికి వరుసగా నాలుగు వారాలు ఆకుపచ్చ పడితే మళ్ళీ ఎవరినీ అడగనక్కర్లేకుండా "తరువాత ఏం చేయాలి" అన్న గడిలో ఉన్నది చేసేయవచ్చు. అంతే పద్ధతి. చదువురాని వాడు కూడా గోడ దగ్గర నిలబడి, ఆ కాగితం చూసి, కంపెనీ ఎలా ఉందో చెప్పగలడు.

తరువాత ఆమె ఇంకొక్క సులువు కలిపింది. వారం వారం ఫోను చేసి "మామూలేనక్కా" అని చెప్పడం అందరికీ విసుగైపోయింది. అందుకని, మార్పేమీ లేకపోతే ఫోను చేయనక్కర్లేదంది. గడి ఖాళీగా ఉంటే పోయిన వారం చుక్కే ఈ వారానికీ. పెద్దసారు మెచ్చుకున్నాడు. సైటువాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు. అన్న ఒక్కడే పెదవి విరిచాడు.

"ఖాళీ అంటే మార్పు లేదని కాదే. కబురు లేదని."

"నువ్వు ఎలాగూ ఫోను చేస్తావుగా అన్నయ్యా. నీకేం బెంగ?"

"నేను చేస్తాలే. నేనున్నన్నాళ్ళూ చేస్తాను" అన్నాడు.

ఇరవై రోజుల కిందట, ఒక ఆదివారం ఉదయం, చెప్పుల్లో కాలు పెట్టబోతూ గుమ్మంలోనే కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

ఆ వారం శుక్రవారం నాడు కూడా ఆమె ఆఫీసుకు వెళ్ళింది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నట్టుంది. అన్న చేతిలో మూడు పనులుండేవి. వాటిలో రెండింటి గురించి అన్నతో కలిసి పనిచేసిన కళ్ళజోడు ఇంజనీరు ఫోను చేసి చెప్పాడు. మూడోది గ్రంథాలయం. పై అంతస్తు నేలను మోసే దూలాలను బలపరిచి, అవి కుదురుకునేదాకా కింద ఇనుప ఊతాలు నిలబెట్టారు. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. "ఎవరి చేతిలో" అన్న గడిలో అన్న పేరు ఉంది. దాన్ని కొట్టేసి ఇంకొకరి పేరు రాయాలి. ఆమె కలం కాగితానికి ఆనించింది. సిరా చుక్క పెద్దదవుతోంది గాని గీత పడలేదు. కలం తీసేసింది. గడి ఖాళీ. ఖాళీ అయితే పోయిన వారం చుక్కే. అన్న చివరి శుక్రవారం ఫోనులో ఆకుపచ్చ అనే చెప్పాడు. ఆమె ఆకుపచ్చ చుక్క తీసి అంటించింది. అప్పుడు కాస్త ఊపిరి ఆడినట్టనిపించింది. కాగితం మీద అన్న ఇంకా పనిలోనే ఉన్నాడు.

రెండో శుక్రవారం అలాగే జరిగింది. మూడోది నిన్న. ఆ వరుసను ఆఫీసులో అందరూ చూశారు. చూసి తలలు తిప్పుకున్నారు. పాపం, చెల్లెలు కదా, ఎలా అడుగుతాం అనుకున్నారు. దాన్ని మర్యాద అనుకున్నారు.

శనివారం ఉదయం ఆమె వదిన ఇంటికి వెళ్ళింది. అన్న దగ్గరున్న కంపెనీ సామాను తెమ్మని ఆఫీసులో రెండుసార్లు అడిగారు. వదిన కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా కాలరు కుడుతోంది.

"రా. ఆ కుర్చీలో బట్టలు పక్కన పెట్టి కూర్చో."

"తిన్నావా వదినా?"

"తిన్నానని నిన్ననే చెప్పానుగా."

"నిన్న తిన్నది నిన్నటికి."

"మీ ఇంట్లో అందరికీ ఈ తనిఖీలొకటి" అంది వదిన, దారం పళ్ళతో తెంపుతూ. "మీ అన్న కూడా అంతే. ఇవాళ ఎన్నిసార్లు నవ్వావని అడిగేవాడు. నవ్వకపోతే నా నుదుటి మీద ఎర్రచుక్క అంటిస్తాడేమో అన్నట్టు."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు.

వదిన లోపలి నుంచి ఒక సంచి తెచ్చింది. హెల్మెట్, కొలత టేపు, తాళాల గుత్తి, టార్చి. అన్నిటికన్నా అడుగున నల్ల అట్ట పుస్తకం.

"అవన్నీ పట్టుకుపో. పుస్తకం మాత్రం ఒకసారి చూసుకుని ఇస్తాను."

"ఇంకా చూడలేదా?"

"చేత్తో తడిమాను. తెరవలేదు" అంది వదిన. "నువ్వుంటే తెరుస్తాను."

పుస్తకం తెరిచారు. అన్న రాత గుండ్రంగా, తొందర లేకుండా ఉంది. ఎడమ పేజీ పైన "చెప్పింది" అని, కుడి పేజీ పైన "చూసింది" అని రాసుకున్నాడు. ఎడమవైపు ఆఫీసుకు ఫోనులో చెప్పిన మాటలు, కుడివైపు సైటులో తన కళ్ళతో చూసినవి. అన్నిచోట్లా రెండూ ఒకేలా ఉన్నాయి. వదిన వేలితో అక్షరాలు తడుముతూ పేజీలు తిప్పుతోంది. చివరి పేజీకి వచ్చింది.

ఎడమవైపు, శుక్రవారం: గ్రంథాలయం. ఆకుపచ్చ.

కుడివైపు, శనివారం: గ్రంథాలయం. మూడో దూలం, వీధివైపు గోడలోకి దిగే చోట బీట. పోయిన నెల వెంట్రుకంత. ఇవాళ గోరు పట్టింది. ఊతాలు కదల్చకూడదు. సోమవారం చెల్లికి చెప్పి ఎర్రచుక్క పెట్టించాలి.

ఆమె ఆ మాటలు రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు నిలవలేదు.  నిన్న అంటించింది నాలుగో చుక్క. ఆ వరుసలో "తరువాత ఏం చేయాలి" అన్న గడిలో ఉన్న మాట ఆమెకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది: ఊతాలు తీయడం.

"ఏమైందే? అలా తెల్లబోయావేం?"

 ఆమె ఫోను తీసి గ్రంథాలయం పని చేయించే మేస్త్రికి కలిపింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. పనిలోకి దిగితే మేస్త్రి చొక్కా విప్పి మేకుకు తగిలిస్తాడు. ఫోను ఆ చొక్కా జేబులో ఉంటుంది. కళ్ళజోడు ఇంజనీరుకు కలిపింది.

"గ్రంథాలయం పని ఎప్పుడు మొదలుపెడుతున్నారు బాబూ?"

"పొద్దున్నే మొదలైపోయిందక్కా. పట్టిక ఫొటో నిన్ననే మేస్త్రికి పంపాను, నాలుగూ ఆకుపచ్చే, కానివ్వమని."

"నువ్వెళ్ళి చూశావా?"



"నేనా? అది అన్న సైటు కదక్కా. ఆకుపచ్చ పడుతోంది కదా, మీరు ఎవరికో చెప్పి చూయిస్తున్నారనుకున్నాను."

"నేను ఆఫీసులో కుర్చీ దిగనిదాన్నయ్యా. ఎవరిని పంపాను, ఏం చూశాను?" గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "పని ఆపించు. నువ్వు ఎక్కడున్నా బయలుదేరు."

ఇంజనీరు నగరానికి ఆ చివర ఉన్నాడట. గంట పడుతుందన్నాడు. ఆమె పెద్దసారుకు ఫోను చేసింది. విషయం చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"ఎవరు చెప్పారమ్మా ఇది?"

"అన్నయ్య పుస్తకంలో ఉంది సార్."

పెద్దసారు గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనానికి ఆమెకు ఇంకా భయం వేసింది.

"చూడమ్మా, నీ బాధ నాకు తెలుసు. నేనే నిన్ను ఓ నెల సెలవు తీసుకోమనాల్సింది. పోయినవాళ్ళ మాటలు అలా చెవిలో..."

"చెవిలో కాదు సార్, పుస్తకంలో. రాసి ఉంది."

"పట్టికలో ఆకుపచ్చ ఉందిగా. పట్టిక నువ్వు రాసిందేగా?"

"అవును సార్. అందుకే చెప్తున్నాను."

ఆయన ఇంకేదో అనబోతుంటే వదిన ఫోను ఆమె చేతిలోంచి లాగి కట్ చేసింది.

"ఆయనతో తరువాత మాట్లాడుకోవచ్చు. పద. బండి ఉంది."

అన్న స్కూటరు ఇరవై రోజులుగా గోడవారన దుమ్ము పట్టి ఉంది. వదిన దాని వైపు చూడడం కూడా మానేసింది. ఇప్పుడు కొంగుతో సీటు తుడిచి, స్టాండు తీసి, కాలితో తన్నింది. బండి దగ్గి ఊరుకుంది. రెండోసారీ అంతే. నాలుగోసారికి పొగ కక్కి అంటుకుంది.

"ఎక్కు. పుస్తకం గట్టిగా పట్టుకో" అంది వదిన.

దారి పొడుగునా ఆమెకు ఊతాల మీద నిలబడ్డవే కనబడ్డాయి. దుకాణాల బోర్డులు సన్నటి ఇనుప చువ్వల మీద. వంతెన స్తంభాల మీద. ఇంటి ముందు ఎవరో నలుగురు పట్టుకు నిలబడ్డ నిచ్చెన, దానిమీద ఒక మనిషి. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎవరో చూసే ఉంటారని అనుకుంటూ బతికింది. కూడలిలో బండి ఆగినప్పుడు ఎర్రదీపం కింద అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. అరవై. యాభై తొమ్మిది. ఒక ఊతం మర విప్పి పక్కన పెట్టడానికి ఎంతసేపు పడుతుందో అన్న ఒకసారి చెప్పాడు. ఎంతని చెప్పాడో గుర్తురాలేదు.

"వదినా, ఏమైనా అయితే..."

"నోరు మూసుకుని కూర్చో. నేను బండి నడుపుతున్నాను."

గ్రంథాలయం రొట్టెల దుకాణానికీ చెప్పుల దుకాణానికీ మధ్య ఉంది. రెండంతస్తుల రాతి కట్టడం. కింద చదువుకునే హాలు, పైన పుస్తకాల బీరువాలు. సోమవారం తెరుస్తామని గేటుకు కాగితం అంటించి ఉంది. గేటు లోపల మేస్త్రి బనీను మీద నిలబడి, ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు.

"ఏంటి చుక్కలమ్మా, ఇలా..." అని నాలుక కరుచుకున్నాడు. "అదే, మేడమ్. వదినగారు కూడా వచ్చారే."

"పని ఆపండి. లోపల ఎవరున్నారు?"

"నలుగురున్నారు. ఆపడమేంటి, సగానికి పైగా అయిపోయింది. పద్దెనిమిదిలో పదకొండు తీసేశాం."

పదకొండు. ఆమె గేటు ఊచ పట్టుకుంది.

"వాళ్ళని బయటికి పిలవండి. ఇప్పుడే."

"పిలుస్తాను, దానికేం. ఎవరి మాట మీదని పిలవను?" మేస్త్రి ఫోను తెచ్చి తెరిచి చూపించాడు. నిన్నటి పట్టిక ఫొటో. "ఇదిగో. నీ చేతి చుక్కలే తల్లీ. ఆకుపచ్చ అంటే తీస్తున్నాను. గంటయ్యాక ఎరుపంటే మళ్ళీ పెట్టాలి. నా బతుకేమైనా కూడలిలో దీపమా, రంగులు మార్చడానికి?"

"ఆ చుక్కలు తప్పు."

"తప్పంటే?"

ఇక్కడిదాకా రావడమే కష్టమనుకుంది. ఈ మాట చెప్పడం అంతకన్నా కష్టంగా ఉంది. ఇరవై మూడు పనులకు ఆమె కాగితమే కళ్ళు. ఈ మాట బయటపెడితే రేపటినుంచి ఆ కాగితాన్ని ఎవరూ నమ్మరు. ఆమెనూ నమ్మరు. లోపల ఎక్కడో ఇనుము ఇనుముకు తగిలి గణగణమంది.

"ఎవరూ చూడలేదు. ఎవరూ చెప్పలేదు. గడి ఖాళీగా ఉంది. నేనే అంటించాను."

"ఎన్ని వారాలు?"

"మూడు."

మేస్త్రి టీ మూత గోడమీద పెట్టాడు. అతని మొహంలో వేళాకోళం పోయింది. "ఆయన ఉన్నట్టే రాశావా?" అన్నాడు నెమ్మదిగా.

 వదినే ముందుకొచ్చింది. "అవును నాయనా. ఉన్నట్టే రాసింది. ఆయన చూసినప్పుడేమో బీట గోరు పట్టేంత ఉందట. ఇదిగో ఆయన రాత. ముందు పిల్లల్ని పిలు, తరువాత తిడుదువుగాని."

మేస్త్రి పుస్తకం చూశాడు. ఆ రాత అతనికి తెలుసు. మరుక్షణం హాలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతను అరవలేదు. చాలా మామూలుగా పిలిచాడు. అరిస్తే పరిగెత్తుతారని, పరిగెత్తితే దేనికో తగులుతారని ఆమెకు తరువాత అర్థమైంది.

"ఎక్కడి సామాను అక్కడ వదిలేసి ఒక్కొక్కరే రండిరా. టీ చల్లారిపోతోంది."

ఒకడు వచ్చాడు. ఇద్దరు. ముగ్గురు. నాలుగోవాడు హాలు మధ్యలో రెండు చేతులతో ఒక ఊతాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మర సగం విప్పేశాను మేస్త్రీ. వదిలితే పడిపోద్ది."

"వదలకు. మెల్లగా బిగించు. నీ పెళ్ళాం జడ బిగిస్తున్నావనుకో, అంత మెల్లగా."

"నాకు పెళ్ళి కాలేదు మేస్త్రీ."

"అవుతుంది. బిగించు."

మర తిరుగుతున్న కీచు చప్పుడు. ఒక చుట్టు, ఇంకొక చుట్టు. పైనుంచి సన్నగా పొడి రాలి వాడి భుజాల మీద పడుతోంది. ఆమె ఆ పొడిని చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఏం లెక్కపెడుతోందో తెలియకుండానే. వాడు చేతులు తీశాడు. ఊతం నిలబడింది. వాడు గుమ్మం దాటగానే మేస్త్రి వాడి మెడ పట్టుకుని బయటికి తోశాడు.

అందరూ బయటికి వచ్చేశారు. వదిన ఆమె భుజం మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడు పై అంతస్తులో చక్రాలు దొర్లుతున్న చప్పుడు వినబడింది.

మేస్త్రి పైకి చూశాడు. "చచ్చాం" అన్నాడు. "పైన నిశ్శబ్దం మాస్టారున్నారు."

గ్రంథాలయం చూసుకునే ముసలాయనకు అది జనం పెట్టిన పేరు. ఎవరు గొంతు విప్పినా వేలు పెదవి మీద పెట్టడం ఆయన అలవాటు. ఆమె మేస్త్రి వద్దంటున్నా మెట్ల వైపు నడిచింది. రాతి మెట్లు వేరుగా, గోడను ఆనుకుని ఉన్నాయి. పైకి వెళ్ళి గుమ్మంలోనే ఆగింది. పొడుగాటి హాలు. సగం బీరువాలు నిండిపోయాయి. ఆ చివర మాస్టారు నిండా పుస్తకాలున్న తోపుడు బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెకూ ఆయనకూ మధ్య, చెక్కనేల కింద ఎక్కడో, మూడో దూలం ఉంది.

"మాస్టారూ!"

ఆయన వేలు పెదవి మీద పెట్టాడు. "ష్."

ఇంకొకరోజైతే నవ్వొచ్చేది. ఆమె గొంతు తగ్గించి చెప్పింది, నేల గట్టిగా లేదని, అక్కడినుంచి వచ్చేయాలని.

"నాలుగు ఆకుపచ్చలయ్యాయి, పుస్తకాలు ఎక్కించుకోవచ్చన్నారమ్మా. కాగితం చూశాకే ఎక్కించాను."

ఇక్కడా తన కాగితమే. "ఆ కాగితం వదిలెయ్యండి. వచ్చేయండి."

"వస్తాను. ఈ బల్ల తోసుకుని..."

"బల్ల వద్దు! వదిలెయ్యండి. ఉత్త చేతులతో రండి, గోడవార నుంచి రండి."

మాస్టారు నొచ్చుకుంటూనే బల్ల వదిలాడు. కిటికీలున్న గోడవైపు తిరిగి, దాన్ని చేత్తో తడుముతూ నడక మొదలుపెట్టాడు. నాలుగు అడుగులు వేశాడు. కిటికీల్లోంచి కింద బళ్ళ మోతలు వినిపిస్తున్నాయి. వీధి. అది వీధివైపు గోడ.

 వీధివైపు గోడలోకి దిగే చోట బీట. చూడకుండా చెప్పేసింది, మళ్ళీ.

"ఆగండి మాస్టారూ! నిలబడండి. ఆ గోడ కాదు. వెనక్కి నాలుగు అడుగులు. ఆ... ఇప్పుడు అటువైపు, పెరటి గోడకు. తొందర లేదు. నేనిక్కడే ఉన్నాను."

ఆయన మొహంలో అప్పుడు భయం కనిపించింది. హాలు అడ్డంగా దాటి పెరటి గోడ చేరాడు. ఒక్కొక్క బీరువా పట్టుకుని వస్తున్నాడు. మధ్యకు రాగానే కింద ఎక్కడో ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. చిన్న చప్పుడే. ఇద్దరూ రాళ్ళలా నిలబడిపోయారు. మాస్టారి పెదాలు కదులుతున్నాయి గాని శబ్దం రావడం లేదు.

"రండి" అంది ఆమె, చెయ్యి చాపి. "అమ్మ దగ్గరికనుకుని రండి."

చివరి నాలుగు అడుగులకు ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియలేదు. ఆయన వేళ్ళు అందగానే లాగింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క మెట్టే దిగారు, నడవడం అప్పుడే నేర్చుకుంటున్న పసివాళ్ళలా.

వాళ్ళు గేటు దగ్గరకు వచ్చాక లోపల ఏదో పడింది. పళ్ళెమంత సున్నపు పెళ్ళ. దుమ్ము గుమ్మంలోంచి బయటికొచ్చి ఎండలో నిలిచింది. ఇంకేమీ పడలేదు. పడుతుందేమోనని అందరూ చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. మేస్త్రి వీధిలోంచి కిటికీ ఊచల మధ్య టార్చి వేసి చూసి, తిరిగొచ్చి బనీనుకు చేతులు తుడుచుకున్నాడు.

"గోరు కాదమ్మా. నా వేలు పడుతుంది."

పదకొండు ఊతాలూ మళ్ళీ నిలబెట్టాలంటే ఇంజనీరు రావాలి. అంతవరకు ఎవరూ లోపలికి పోకుండా మేస్త్రి గేటుకు తాడు కట్టించాడు. రొట్టెల దుకాణంవాళ్ళని, చెప్పుల దుకాణంవాళ్ళని బయటికి రమ్మన్నాడు. ఎందుకని వాళ్ళు, మీ మంచికేనని ఇతను, గొడవ మొదలైంది. వదిన మాస్టారికి నీళ్ళు తాగిస్తోంది.

పెద్దసారు ఫోను చేశాడు. ఈసారి ఆయనే.

"ఏమైందమ్మా అక్కడ?"

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.  "ఎవరికీ ఏమీ కాలేదుగా?" అన్నాడాయన. కాలేదంది. "దేవుడి దయ. సోమవారం రా, మాట్లాడదాం. ఇంకెక్కడా ఇలాంటివి లేవుగా?"

చూసి చెప్తానని ఆమె ఫోను పెట్టేసింది.

తన చేతిసంచిలోంచి నిన్నటి పట్టిక రంగు నకలు తీసి చూసింది. ఇరవై మూడు వరుసలు. పంతొమ్మిది ఆకుపచ్చ చుక్కలు. వాటిలో కొన్ని ఫోను చేసి చెప్పినవి. మిగతావి ఖాళీ గడులు చూసి తాను అంటించినవి. ఏవి ఏవో గుర్తు చేసుకోబోయింది. కాగితం మీద వాటి మధ్య తేడా లేదు. అన్నీ ఒకే పచ్చ, ఒకే గుండ్రం, ఒకేలా తీర్చి అంటించినవి. ఈ చక్కదనానికే అందరూ మెచ్చుకున్నారు. ఆసుపత్రి మేడ మీద నీళ్ళ తొట్టి. బడి వెనక ప్రహరీ. పిల్లలు ఈత నేర్చుకునే చోట పైకప్పు. ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు?

ఎదుటి అరుగు మీద కూర్చుని మొదటి వరుస నుంచి ఫోను చేయడం మొదలుపెట్టింది.

"చూశానక్కా, పొద్దున్నే చూశాను" అన్నాడొకడు. ఒకడు ఆదివారానికి పెళ్ళి ఉందని ఊళ్ళోనే లేడు. ఇంకొకడు నవ్వాడు. "ఏంటక్కా, మా మీద నమ్మకం పోయిందా?"

"నా మీద పోయిందయ్యా. నువ్వెళ్ళి చూడు."

ఆసుపత్రి నీళ్ళ తొట్టి పని చూసేవాడు ఏడోవాడు. తొట్టి కింద నాలుగు వార్డులు.

"బాగానే ఉందక్కా."

"చూసి చెప్తున్నావా, ఊరికే చెప్తున్నావా?"

"అంటే... మార్పేమీ ఉండదుగా. పోయిన నెల్లో చూశాను."

"ఇప్పుడు చూడు."

"ఇప్పుడా? అన్నానికి కూర్చోబోతున్నానక్కా."

"ఫోను పెట్టెయ్యకు. నేను లైనులోనే ఉంటాను. ఎక్కి చూసి చెప్పు."

వాడు సణిగాడు. కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు. తరువాత ఇనుప నిచ్చెన మీద అడుగులు, ఒక్కొక్క మెట్టుకూ గణమంటూ. వదిన వచ్చి పక్కన కూర్చుంది. ఏమిటని కళ్ళతో అడిగింది. ఆమె ఫోనును ఇద్దరి చెవుల మధ్య పట్టుకుంది.

అడుగులు ఆగిపోయాయి. మేడ మీద గాలి వినబడుతోంది. 

"ఏం కనబడుతోంది?" అంది ఆమె.

"ఉండక్కా" అన్నాడు వాడు. గొంతులో ఇందాకటి సణుగుడు లేదు. "ఇంకొంచెం దగ్గరికెళ్ళి చూస్తాను."